అమ్మానాన్నలతో, పిల్లలతో ఫింగర్ లేక్స్ పార్కులకు వెళ్ళేవారికి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మే నెలాఖరున మెమోరియల్ డే సెలవు వారాంతంలో న్యూజెర్సీ నుంచి బయలుదేరి న్యూయార్క్ రాష్ట్రంలోని ఫింగర్ లేక్స్ ప్రాంతంలో మూడు రోజులు గడపాలనుకుంటున్నారు. వెంట ఇండియా నుంచి వచ్చిన మీ అమ్మానాన్నలు, పదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు ఉంటారు. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, నాన్నగారు మాత్రం రోజూ గంటసేపు నడుస్తారు. ఏ స్టేట్ పార్కులు చూడాలి, ఏ ట్రైల్ మీద ఎవరిని నడిపించవచ్చు, అక్టోబరులో మీరూ మీ మిత్రుడూ కలిసి పగలంతా నడవడానికి ఏది బాగుంటుంది అన్నవి మీ ప్రశ్నలు. నేను ఆ ప్రాంతానికి గంట దూరంలో పదమూడేళ్ళుగా ఉంటున్నాను, అక్కడి ట్రైల్స్ మీద అన్ని ఋతువుల్లోనూ నడిచాను కాబట్టి, నాకు తెలిసినంతలో వివరంగా చెబుతాను.

ముందుగా ఒక మాట. మీరు రాసిన పట్టికలో ప్రతి ట్రైల్ పక్కన ఎన్ని మైళ్ళో ఉంది, ఎన్ని మెట్లో లేదు. ఫింగర్ లేక్స్ పార్కుల్లో మైళ్ళ లెక్క దాదాపు ఏమీ చెప్పదు. నేను మొదటిసారి మా అత్తమామలను వాట్కిన్స్ గ్లెన్‌కు తీసుకువెళ్ళినప్పుడు, ట్రైల్ ఒకటిన్నర మైలే కదా, ఊళ్ళో గుడికి వెళ్ళి వచ్చినంత దూరమే కదా అని ధీమాగా బయలుదేరదీశాను. సగం దారి కూడా వెళ్ళకముందే మా అత్తగారు తడి మెట్టు మీద కూర్చుండిపోయారు. పైకి వెళ్ళలేరు, కిందికి దిగడానికి భయం, వెనక నుంచి జనం వస్తూనే ఉన్నారు. ఆ ట్రైల్‌లో 800కు పైగా రాతిమెట్లు ఉన్నాయని నేను అంతకుముందు చదవకపోవడమే అందులోని తప్పంతా. అదే రోజు మధ్యాహ్నం మరో పార్కులో, దాదాపు అంతే దూరం, ఆమె మనవడి చెయ్యి పట్టుకుని హాయిగా నడిచి వచ్చారు. అందుకే ఈ ప్రాంతంలో మెట్లను బట్టి, తడిని బట్టి, ఋతువును బట్టి ట్రైల్‌ను ఎంచుకోవాలి తప్ప దూరాన్ని బట్టి కాదు.

ఇలా ఎందుకు ఉంటుందో నేల తీరును చూస్తే అర్థమవుతుంది. ఫింగర్ లేక్స్ అంటే ఉత్తర దక్షిణాలుగా వేళ్ళలా చాచుకుని ఉన్న పదకొండు సరస్సులు. మంచుయుగంలో హిమానీనదాలు పాత నదీలోయల వెంట ఒరుసుకుంటూ వెళ్ళి వాటిని ఎంతో లోతుగా తొలిచాయి. సెనెకా సరస్సు లోతు 618 అడుగులు, కయూగా సరస్సుది 435 అడుగులు అంటే ఆ తొలిచిన బలం ఎంతటిదో ఊహించుకోవచ్చు. పెద్ద లోయలు అలా లోతుకు దిగిపోయినా, వాటిలో కలిసే పక్కవాగులు మాత్రం పైనే మిగిలిపోయాయి. మంచు కరిగి వెనక్కి తగ్గాక, అంటే సుమారు పది పన్నెండు వేల ఏళ్ళ క్రితం నుంచి, ఆ వాగులు అంచు మీదుగా కిందికి దూకుతూ రాతిని కోసుకుంటూ వస్తున్నాయి. ఆ రాయి కోట్ల ఏళ్ళ కిందటి డెవోనియన్ అనే భూయుగంలో సముద్రగర్భంలో పేరుకున్న బురద గట్టిపడి పొరలు పొరలుగా ఏర్పడిన షేల్. మధ్యమధ్య కొంత గట్టిదైన ఇసుకరాయి పొరలు ఉంటాయి. మెత్తటి పొర అరిగిపోయి, గట్టి పొర మెట్టులా మిగిలిపోవడం వల్లే ఒక్కొక్క వాగు మీద పదేసి జలపాతాలు కనిపిస్తాయి. ఇరుకైన, నిటారు గోడల లోయ కాబట్టి దీనిని గార్జ్ అంటారు. లోయ అడుగున నీటి పక్కనే సాగేది గార్జ్ ట్రైల్, పైన అంచు వెంట చెట్ల మధ్య సాగేది రిమ్ ట్రైల్. దాదాపు ప్రతి పార్కులోనూ ఈ రెండూ ఉంటాయి. గార్జ్ ట్రైల్ అందంగా ఉంటుంది, తడిగా ఉంటుంది, మెట్లతో నిండి ఉంటుంది. రిమ్ ట్రైల్ పొడిగా ఉంటుంది, జనం తక్కువగా ఉంటారు, జలపాతం మాత్రం అక్కడక్కడా ఆకుల సందుల్లోంచే కనిపిస్తుంది.

ఇక వాట్కిన్స్ గ్లెన్. మీ నాన్నగారికీ, పదేళ్ళ పాపకూ దీనిని చూపించకుండా రావద్దు. సెనెకా సరస్సు దక్షిణపు కొసన, ఊరి నడిబొడ్డున, కారు ఆపిన చోటు నుంచి నాలుగడుగులు వేస్తే కొండలోకి తొలిచిన సొరంగం లోంచి లోయలోకి ప్రవేశిస్తారు. రెండు మైళ్ళ లోపు దూరంలో ఆ వాగు 400 అడుగులు దిగుతుంది. దారిలో 19 జలపాతాలు ఉంటాయి. గోడలు కొన్ని చోట్ల 200 అడుగుల ఎత్తుకు లేస్తాయి. కావెర్న్ కాస్కేడ్ దగ్గర నీటి తెర వెనక నుంచి నడుస్తారు, రెయిన్‌బో ఫాల్స్ దగ్గర కూడా అలాగే నీటి కిందుగా దాటుతారు. ఈ చోటు 1863లోనే టిక్కెట్టు పెట్టి చూపించే విహారస్థలంగా మొదలైంది, 1906లో న్యూయార్క్ రాష్ట్రం దీనిని కొన్నది. ఇప్పుడు మీరు నడిచే రాతిమెట్లు, పిట్టగోడలు చాలావరకు 1935 నాటి పెద్ద వరద పాత దారులను ఊడ్చుకుపోయిన తర్వాత, ఆర్థిక మాంద్యం రోజుల్లో నిరుద్యోగ యువకులకు పని కల్పించడానికి ఏర్పాటైన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ మళ్ళీ కట్టినవి. వాగుకు 85 అడుగుల ఎత్తున వేలాడే వంతెన ఒకటి దారిలో వస్తుంది. ఆ వరదలో నీరు ఆ వంతెనకు అయిదడుగుల కింది దాకా వచ్చింది. వంతెన మీద నిలబడి కిందికి చూసి ఆ సంగతి పిల్లలకు చెప్పండి, వాళ్ళు చాలాకాలం మరచిపోరు.

ఇక్కడ ఎటు నుంచి నడవాలన్న దాని మీద భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. వేసవిలో కింది ద్వారానికీ పై ద్వారానికీ మధ్య షటిల్ బస్సు నడుస్తుంది, దానికి విడిగా రుసుము ఉంటుంది. చాలామంది బస్సులో పైకి వెళ్ళి కిందికి దిగుతూ రమ్మని సలహా ఇస్తారు. ఊపిరి ఆడని వారికి, గుండె జబ్బు ఉన్నవారికి అది సరైన సలహాయే. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి మాత్రం అది పూర్తిగా తలకిందులు సలహా, ఎందుకంటే మెట్లు దిగేటప్పుడే మోకాలి మీద బరువు ఎక్కువ పడుతుంది, పైగా తడి మెట్టు మీద జారేది కూడా దిగేటప్పుడే. అదీగాక కింది నుంచి పైకి వెళితే జలపాతాలు ఎదురుగా కనిపిస్తాయి, దిగేటప్పుడు ప్రతిదాన్నీ వెనక్కి తిరిగి చూడాలి. కాబట్టి మీ నాన్నగారితో, పాపతో కింది నుంచి ఎక్కండి. చివరలో జేకబ్స్ ల్యాడర్ అనే 180 మెట్ల వరుస ఒకటి ఉంది; అది ఎక్కితేనే పై ద్వారం వస్తుంది. అక్కడ బస్సు ఉంటే బస్సులో దిగండి. లేకపోతే జేకబ్స్ ల్యాడర్ దాకా పోకుండా, కొంచెం ముందే మైల్ పాయింట్ బ్రిడ్జి దగ్గర వాగు దాటి, ఇండియన్ ట్రైల్ అనే రిమ్ దారి పట్టి నెమ్మదిగా కిందికి రండి. గార్జ్ ట్రైల్ మెట్లన్నీ వెనక్కి దిగడం కన్నా అది ఎంతో నయం. బస్సు ఆ రోజు నడుస్తుందో లేదో కారు ఆపగానే అడిగి, దాన్ని బట్టి నిర్ణయించుకోండి. పైకి వెళ్ళాక తెలుసుకుంటే ఉపయోగం లేదు.

ఆరేళ్ళ బాబు విషయంలో నా సలహా కొంచెం కటువుగా ఉంటుంది. పిట్టగోడలు చాలాచోట్ల పెద్దవాళ్ళ నడుము దాకా కూడా రావు, రాళ్ళు ఎప్పుడూ తడిగా ఉంటాయి, ఎదురుగా వచ్చేవాళ్ళు ఫోన్లు పట్టుకుని ఫొటోలు తీస్తూ ఉంటారు. ఒక పెద్ద మనిషి ఆ పిల్లవాడి చెయ్యి వదలకుండా పూర్తి దారి నడవగలిగితే తీసుకువెళ్ళండి. లేదంటే కావెర్న్ కాస్కేడ్ వరకు వెళ్ళి, వాడికి నీటి తెర వెనక నిలబడే సరదా తీర్చి వెనక్కి తీసుకురండి. అమ్మగారు కూడా ఓపిక ఉంటే అంతవరకు రావచ్చు, కానీ ఆ కొద్ది దూరంలో కూడా మెట్లు ఉన్నాయని ముందే చెప్పండి. పెంపుడు కుక్కలను గార్జ్ ట్రైల్‌లోకి రానివ్వరు, స్ట్రోలర్ గురించి ఆలోచించనే వద్దు.

అమ్మగారి కోసం అసలు వెళ్ళవలసినది టాగానాక్ ఫాల్స్. ఇథకా ఊరికి ఉత్తరంగా, కయూగా సరస్సు పడమటి గట్టున, 89వ నంబరు రోడ్డు మీద ఉంటుంది. అక్కడి జలపాతం 215 అడుగుల ఎత్తు నుంచి ఒకే దూకుగా పడుతుంది. నయాగరా కన్నా 33 అడుగులు ఎక్కువ. నీటి పరిమాణంలో నయాగరాతో పోలికే లేదు, ఆగస్టు ఎండల్లో అయితే సన్నటి దారంలా మిగులుతుంది, కానీ మే నెలాఖరుకు సాధారణంగా నిండుగానే ఉంటుంది. గార్జ్ ట్రైల్ ఒక వైపుకు ముప్పావు మైలు. వెడల్పుగా, దాదాపు చదునుగా, వాగు పక్కనే సాగుతుంది. పైన చెప్పిన మా అత్తగారు మనవడితో నడిచింది ఇక్కడే. మిగతా గార్జ్ ట్రైల్స్ చలికాలంలో మూసేసినా ఇది ఏడాది పొడుగునా తెరిచి ఉండటానికి కారణం కూడా ఆ చదునే. దారి చివర చుట్టూ దాదాపు 400 అడుగుల ఎత్తు లేచిన రాతి గోడల మధ్య నిలబడతారు. అంత కూడా నడవలేనంత నొప్పిగా ఉంటే, కారులో కొన్ని నిమిషాలు పైకి వెళితే జలపాతానికి ఎదురుగా ఒక వ్యూపాయింట్ ఉంది, కారు నుంచి కొద్ది అడుగులే. ముందు ఆ వ్యూపాయింట్ చూసి, అమ్మగారి ఉత్సాహాన్ని బట్టి కింది ట్రైల్‌కు రావడం మంచిది. జలపాతం కింది మడుగులో దిగడం నిషేధం. కంచె దాటి ఫొటో కోసం గోడ దగ్గరికి వెళ్ళేవారు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు, వాళ్ళను అనుసరించకండి. చలికాలంలో రాతి పగుళ్ళలో నీరు గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టడం వల్ల షేల్ పెచ్చులు వదులై ఉంటాయి, వసంతంలో అవి ఏ క్షణమైనా రాలవచ్చు.

వాట్కిన్స్ గ్లెన్ వంటి చోట్ల శీతాకాలం పోగానే ట్రైల్ తెరవకపోవడం వెనక ఉన్నది కూడా ఇదే. పార్కు సిబ్బంది వదులైన రాళ్ళను గోడల మీది నుంచి కొట్టి దింపి, దారి మరమ్మతు చేశాక, సాధారణంగా మే మధ్యకు గార్జ్ ట్రైల్స్ తెరుస్తారు. మీరు వెళ్ళే నాటికి చాలావరకు తెరిచే ఉంటాయి గాని, ఒక్కొక్క ఏడు ఒక్కొక్క భాగం ఆలస్యమవుతుంది. బయలుదేరే ముందు రోజు న్యూయార్క్ స్టేట్ పార్క్స్ వెబ్‌సైటులో ఆయా పార్కుల పేజీలు తెరిచి ట్రైల్ మూసివేతలు చూసుకోండి. నవంబరులో ఒకసారి నేను ఇండియా నుంచి వచ్చిన బంధువులను నాలుగు గంటలు కారులో తిప్పి, తాళం వేసిన గేటు ముందు నిలబెట్టిన పాపం ఇప్పటికీ మా ఇంట్లో ప్రస్తావనకు వస్తుంది.

ఇథకాకు ఆనుకుని మరో రెండు పార్కులు ఉన్నాయి. బటర్‌మిల్క్ ఫాల్స్ పార్కులో 165 అడుగుల ఎత్తు నుంచి నీరు రాతి పొరల మీదుగా నురుగులు కక్కుతూ, పేరుకు తగ్గట్టు మజ్జిగ ఒలికినట్టు జారుతుంది. కారు ఆపిన చోటు నుంచే అది కనిపిస్తుంది, ఎదురుగా బల్లలు ఉంటాయి. మధ్యాహ్న భోజనానికి దీనిని మించిన చోటు లేదు. ఇంటి నుంచి పులిహోర కట్టుకుని వచ్చినవారికి మరీను. ట్రైల్ మాత్రం మొదట్లోనే నిటారుగా ఎక్కుతుంది, అమ్మగారు బల్ల దగ్గరే కూర్చుని జలపాతం చూస్తుంటే మిగతావారు కొంత దూరం వెళ్ళి రావచ్చు. రెండవది రాబర్ట్ ట్రెమన్ పార్కు. దీని భూమిని 1920లో రాబర్ట్ ట్రెమన్, ఆయన భార్య లారా రాష్ట్రానికి దానమిచ్చారు. నా అభిప్రాయంలో రాతి పనితనానికి, ఏకాంతానికి ఇది వాట్కిన్స్ గ్లెన్ కన్నా మెరుగు; ఊరికి కాస్త ఎడంగా ఉండటం వల్ల అక్కడి రద్దీ ఇక్కడ ఉండదు. ఒక సూచన: ఈ పార్కుకు కింద ఒకటి, పైన ఒకటి రెండు ప్రవేశాలు ఉన్నాయి, మ్యాప్‌లో పార్కు పేరు కొడితే చాలాసార్లు కిందికి తీసుకువెళుతుంది. 115 అడుగుల లూసిఫర్ ఫాల్స్ చూడాలంటే పై ప్రవేశానికి, పాత పిండిమర ఉన్న చోటికి వెళ్ళాలి. అక్కడి నుంచి జలపాతం తల దగ్గరికి అరమైలే. తర్వాత కొండ గోడను ఆనుకుని మెట్లు దిగుతాయి, ఎదుటి వైపు నుంచి 222 మెట్ల క్లిఫ్ స్టెయిర్‌కేస్ మీదుగా పైకి రావాలి. నాన్నగారు తట్టుకుంటారు, అమ్మగారిని జలపాతం తల దగ్గరే ఆపండి.

ఇప్పుడు లెచ్‌వర్త్. నిజానికి ఇది ఫింగర్ లేక్స్ మధ్యలో లేదు, వాట్కిన్స్ గ్లెన్ నుంచి పడమరగా కారులో గంటన్నర పైన పడుతుంది. అయినా మీ జాబితా నుంచి దీనిని తీసేయవద్దంటాను, ఎందుకంటే నడవలేని పెద్దలకు ఇంతటి లోయను కారులో కూర్చోబెట్టి చూపించే పార్కు ఈ చుట్టుపక్కల మరొకటి లేదు. 14,000 ఎకరాలకు పైగా విస్తరించిన ఈ పార్కులో జెనెసీ నది సుమారు 17 మైళ్ళ పొడవున లోయను కోసుకుంటూ ఉత్తరంగా పారుతుంది. గోడలు కొన్ని చోట్ల 550 అడుగులకు మించి ఉంటాయి. నది పక్కనే పార్కు రోడ్డు, దాని వెంట ఒకదాని తర్వాత ఒకటి వ్యూపాయింట్లు. ఇన్‌స్పిరేషన్ పాయింట్ దగ్గర ఆగితే పైన రైలు వంతెన, దాని కింద అప్పర్ ఫాల్స్, ఈ వైపున 107 అడుగుల మిడిల్ ఫాల్స్ అన్నీ ఒకే చూపులో పడతాయి. 1875 నాటి పాత ఇనుప వంతెన స్థానంలో ఇప్పుడున్న విల్లు ఆకారపు వంతెన 2017లో వాడకంలోకి వచ్చింది. మిడిల్ ఫాల్స్ పైన ఉన్న ఇల్లు ఈ పార్కుకు పేరు ఇచ్చిన విలియం ప్రయర్ లెచ్‌వర్త్‌ది. ఆయన 1859లో ఇక్కడ భూమి కొని, చెట్లు నాటించి, 1906లో వెయ్యి ఎకరాలను రాష్ట్రానికి రాసిచ్చారు. నది మీద జలవిద్యుత్తు కోసం ఆనకట్ట కడతారన్న భయం కూడా అందుకు ఒక కారణం.

పార్కులోనే ఇక్కడి మూలవాసులైన సెనెకా ప్రజల పాత కౌన్సిల్ హౌస్ (సభాగృహం) ఉంది, చిన్నప్పుడు బందీగా పట్టుబడి తర్వాత సెనెకాలలోనే ఉండిపోయిన మేరీ జెమిసన్ సమాధి కూడా అక్కడే ఉంది. ఈ సరస్సుల పేర్లు చాలావరకు ఇక్కడి మూలవాసుల హౌడెనొషోనీ సమాఖ్యకు చెందిన తెగల భాషల నుంచి వచ్చినవే. 1779లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో అమెరికన్ జనరల్ సల్లివన్ సేన వారి ఊళ్ళను, పంటలను తగలబెట్టింది. జలపాతాల బోర్డులు చదివినంత శ్రద్ధగా ఈ చరిత్ర చెప్పే బోర్డులను కూడా పిల్లల చేత చదివించండి. మీ బంధువుల్లో గాని మిత్రుల్లో గాని ఆటిజం ఉన్న పిల్లలు ఉంటే, వారి కోసమే ప్రత్యేకంగా రూపొందించిన ఒక మైలు నేచర్ ట్రైల్ 2021లో ఈ పార్కులో తెరిచారని వారికి చెప్పండి.

వీటన్నిటినీ మూడు రోజుల్లో ఎలా అమర్చాలంటే, నేనైతే ఇలా చేస్తాను. శనివారం తెల్లవారుజామున బయలుదేరితే న్యూజెర్సీ నుంచి ఇథకాకు సుమారు నాలుగు గంటలు. మధ్యాహ్నానికి బటర్‌మిల్క్ దగ్గర భోజనం, సాయంత్రం టాగానాక్. ఆదివారం లెచ్‌వర్త్‌కు వెళ్ళి, రాత్రికి వాట్కిన్స్ గ్లెన్ దగ్గరికి తిరిగి రండి. ఆ కారు ప్రయాణం ఎక్కువే గాని అమ్మగారికి అది విశ్రాంతి రోజు అవుతుంది. సోమవారం ఉదయం ఎనిమిదిన్నరలోపు వాట్కిన్స్ గ్లెన్ గేటు దగ్గర ఉండండి. సెలవు వారాంతాల్లో పొద్దెక్కితే అక్కడ కారు ఆపడానికి చోటు దొరకదు, సొరంగంలో వరుస కట్టి నడవాలి. పదకొండుకల్లా బయటపడి ఇంటి దారి పట్టవచ్చు. ట్రెమన్ పార్కును ఈ ప్రయాణంలో వదిలేయమనే చెబుతాను. మూడు రోజుల్లో అయిదు పార్కులు చూడాలని పరుగెత్తితే అందరికీ గుర్తుండేది పార్కింగ్ స్థలాలే.

ప్రవేశ రుసుము మనిషికి కాదు, వాహనానికి. పార్కును బట్టి ఎనిమిది, పది డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఏడాదిలో పది సార్లకు పైగా వెళ్ళే ఉద్దేశం ఉంటే 80 డాలర్ల ఎంపైర్ పాస్ లాభసాటి, మీ ఒక్క ప్రయాణానికి అవసరం లేదు. 62 ఏళ్ళు దాటినవారికి వారం మధ్య రోజుల్లో ఉచిత ప్రవేశం ఉందని ఎవరో చెప్పారని రాశారు. అది న్యూయార్క్ రాష్ట్ర నివాసులకు మాత్రమే, కాబట్టి మీ అమ్మానాన్నలకు వర్తించదు. టెంటు వేసుకుని ఉండాలనుకుంటే క్యాంపు స్థలాలను చాలా నెలల ముందు నుంచే రిజర్వు చేసుకోనిస్తారు, కాబట్టి ఆ వారాంతానికి ఇప్పుడు దొరకడం కష్టం. ఎప్పుడైనా క్యాంపింగ్‌కు వెళితే ఇంటి దగ్గరి నుంచి కట్టెలు తీసుకువెళ్ళకండి. చెట్లను తొలిచే పురుగులు కట్టెలతో పాటు ప్రయాణిస్తాయి కాబట్టి, శుద్ధి చేయని కట్టెలను 50 మైళ్ళకు మించి తరలించడం న్యూయార్క్‌లో చట్టవిరుద్ధం.

చెప్పుల సంగతి నిర్మొహమాటంగా చెప్పాలి. ఇండియా నుంచి వచ్చిన పెద్దలు చాలామంది చెప్పులతోనో, అడుగు నున్నగా అరిగిన వాకింగ్ షూలతోనో వస్తారు. తడి షేల్ రాయి మీద నాచు పట్టి ఉంటే అది సబ్బు రాసిన గచ్చులా ఉంటుంది. అడుగున గాళ్ళు లోతుగా ఉన్న బూట్లు ఒక జత కొని, వారం ముందు నుంచే ఇంటి చుట్టూ తొడిగి నడిపించండి. అమ్మగారు చీరతోనే వస్తానంటే కాదనకండి, టాగానాక్ ట్రైల్‌కు అభ్యంతరమే లేదు. మెట్లున్న చోట మాత్రం కుచ్చిళ్ళు కాలికింద పడే ప్రమాదం ఉంది కాబట్టి చుడీదారు మేలు. ఒక జత హైకింగ్ కర్రలు తీసుకుంటే ఇద్దరికీ చెరొకటి సరిపోతుంది. లోయలో ఎండ పడదు, పైన వెచ్చగా ఉన్నా లోపల చల్లగా ఉంటుంది, నీటి తుంపర తోడవుతుంది. మే నెల అని నమ్మి పల్చటి బట్టలతో వెళ్ళకుండా ప్రతివారికీ ఒక జాకెట్ ఉంచండి. లోయలో ఫోన్ సిగ్నల్ ఉండదనే అనుకుని, విడిపోతే ఎక్కడ కలవాలో గేటు దగ్గరే మాట్లాడుకోండి.

ఈ ప్రాంతంలో ఎలుగుబంట్ల కన్నా భయపడవలసినది నువ్వుగింజంత ఉండే జింక టిక్ అనే రక్తం పీల్చే పురుగు. లైమ్ వ్యాధిని వ్యాపింపజేసేది అదే, మే, జూన్ నెలల్లో దాని పిల్లదశ మరీ చిన్నగా ఉండి కంటికి ఆనదు. పొడవాటి గడ్డిలోకి, ట్రైల్ పక్క పొదల్లోకి పిల్లలను పోనివ్వకండి. ప్యాంటు అంచులను మేజోళ్ళలో దోపండి. రాత్రి స్నానం చేయించేటప్పుడు మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టు మొదళ్ళలో, చెవుల వెనక చూడండి. కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టి నిటారుగా లాగేయాలి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం వంటివి చేయకూడదు. తర్వాతి వారాల్లో జ్వరం గాని, చుట్టూ ఎర్రటి మచ్చ పెరగడం గాని కనిపిస్తే వైద్యునికి చూపించాలి. మూడేసి ఆకులతో నిగనిగలాడే తీగ మొక్క పాయిజన్ ఐవీ, ముట్టుకుంటే దద్దుర్లు వస్తాయి. దాని ఫొటో ముందే పిల్లలకు చూపించి పెట్టండి.

అక్టోబరు నడక గురించి అడిగారు. రంగుటాకులు ఇక్కడ సాధారణంగా అక్టోబరు మధ్యకు ముదురుతాయి. మీకూ మీ మిత్రునికీ రెండు కార్లు ఉంటాయి కాబట్టి, చెరో చివర ఒకటి ఉంచి ఒకే దిక్కుగా నడిచే వీలు ఉంది. లెచ్‌వర్త్ పడమటి అంచున ఏడు మైళ్ళ గార్జ్ ట్రైల్ రంగుల కోసమైతే సాటిలేనిది. పేరు గార్జ్ ట్రైలే అయినా అది లోయ అడుగున కాక అంచు వెంట సాగుతుంది. జనం వద్దనుకుంటే సెనెకా, కయూగా సరస్సుల మధ్య మిట్ట మీద ఉన్న ఫింగర్ లేక్స్ నేషనల్ ఫారెస్ట్‌కు వెళ్ళండి. సుమారు 16,000 ఎకరాల ఈ అడవిలో ఇంటర్‌లోకెన్ ట్రైల్ పన్నెండు మైళ్ళు సాగుతుంది, ప్రవేశ రుసుము లేదు. మధ్యలో పశువుల మేత బీళ్ళ గుండా వెళ్ళాలి; ఆవులు దారికి అడ్డంగా నిలబడి మనల్ని పరిశీలిస్తాయి; కంచె గేటు తెరిచినవారు తప్పకుండా మూసి వెళ్ళాలి. జలపాతాలు ఉండవు, కానీ నాకు ఏడాదిలో అన్నిటికన్నా ఎక్కువసార్లు వెళ్ళాలనిపించేది అక్కడికే.

ఇంకా పెద్ద కోరిక ఉంటే, పెన్సిల్వేనియా సరిహద్దు దగ్గరి అలిగేనీ పార్కు నుంచి క్యాట్‌స్కిల్ కొండల దాకా సుమారు 580 మైళ్ళు సాగే ఫింగర్ లేక్స్ ట్రైల్ ఉంది. దానిని 1962లో ఏర్పడిన ఒక స్వచ్ఛంద సంస్థ నిర్వహిస్తోంది. ట్రెమన్, వాట్కిన్స్ గ్లెన్ పార్కుల గుండా కూడా అది వెళుతుంది. చెట్ల మీద తెల్లరంగు పట్టీలు ప్రధాన మార్గానికి, నారింజ రంగువి శాఖలకు గుర్తు. ఒకదాని మీద ఒకటి రెండు పట్టీలు కనిపిస్తే మలుపు ఉందని అర్థం. ఈ దారి చాలాచోట్ల రైతుల సొంత భూముల్లోంచి, వారి అనుమతితో సాగుతుంది కాబట్టి, వేటకాలంలో కొన్ని భాగాలు మూసేస్తారు. ఇక్కడ జింకల విల్లువేట అక్టోబరు 1న, తుపాకీ వేట నవంబరు మూడో శనివారం మొదలవుతాయి. నేషనల్ ఫారెస్ట్‌లో కూడా వేటకు అనుమతి ఉంది. మీరిద్దరూ మెరిసే నారింజ రంగు చొక్కా గాని టోపీ గాని ధరించండి. అక్టోబరు మధ్యలో సాయంత్రం ఆరున్నరకల్లా చీకటి పడుతుంది. పన్నెండు మైళ్ళు నడవాలంటే ఉదయం తొమ్మిది దాటకుండా అడుగు వేయాలి, సంచిలో తలకు తగిలించుకునే లైటు ఉండాలి.

చివరిగా మీరు అడగనిది ఒకటి. మే నెలాఖరున వాన పడే అవకాశం బాగానే ఉంది, పెద్ద వాన తర్వాత వాగు పొంగితే గార్జ్ ట్రైల్‌ను అప్పటికప్పుడు మూసేస్తారు. సోమవారం ఉదయం వాన ఉంటే వాట్కిన్స్ గ్లెన్ గేటు దాకా వెళ్ళకుండా, బస చేసిన చోటు నుంచే పార్కు ఆఫీసుకు ఫోన్ చేయండి. మూసి ఉందంటే టాగానాక్ వ్యూపాయింట్‌కు మరోసారి వెళ్ళండి. శనివారం చూసిన జలపాతమే వాన తర్వాత రెట్టింపు నీటితో దూకుతుంటుంది, దాన్ని చూడటానికి అమ్మగారు ఒక్క మెట్టు కూడా ఎక్కనక్కరలేదు.